పట్టికలో లేని పేరు

గోదావరి కాలువలకు నీరు వదలిన తరువాత రాయవరం చుట్టుపట్ల పొలాల రూపు మారిపోవును. కాడెద్దుల స్థానములో ట్రాక్టరు వచ్చినది గాని, దమ్ము చేసిన మడిలోని బురద మారలేదు. ఆ బురదలో వంగి ఊడ్చువారి కాళ్ళూ మారలేదు. కాలి పగుళ్ళు, ముల్లు గీరిన గీతలు, కొడవలి గాట్లు వారికి లెక్కలోనివి కావు.

ఇటువంటి పొలములో పనిచేయు ఒక కూలీని ఊహించుకొనవచ్చును. వయస్సు యాభై. పదేండ్లుగా మధుమేహమున్నది. సార్వా ఊడ్పులు ముగిసిన రెండు వారాలకు చలిజ్వరము, దగ్గు మొదలైనవి. మందుల దుకాణములో ఇచ్చిన మాత్రలతో జ్వరము తగ్గలేదు. ఎక్స్‌రే తీయగా ఊపిరితిత్తిలో మచ్చ కనబడినది. కఫములో క్షయ క్రిములు లేవు. అయినను క్షయ కాకపోదని దాని మందులే వాడినారు. నెల తిరుగకముందే కాలేయములో చీముగడ్డ తేలినది. అప్పుడు పట్టణములోని ప్రయోగశాలకు రక్తము పంపగా, మూడవ నాటికి ఒక చిన్న కాగితము వచ్చినది. దానిమీద “సూడోమోనాస్ జాతి” అని ఉన్నది.

ఈ రోగి కల్పితుడు. కాని అతని కథలోని ప్రతి మలుపును మెలియాయిడోసిస్ అను వ్యాధి గురించి వైద్య పత్రికలు మాటిమాటికి వివరించినవే. కాగితము మీద ఉన్న రెండు మాటలు పూర్తిగా అబద్ధము కావు, అట్లని నిజమూ కావు. చూచినదానికి దగ్గరగా ఉన్న పేరు అక్కడ వ్రాయబడినది. ఆ దగ్గరతనమే రోగికి ప్రమాదము. అరుదైన బాక్టీరియా వ్యాధులను ప్రయోగశాలలు ఎట్లు గుర్తించుచున్నవి, ఎక్కడ తప్పుచున్నవి, ఆ తప్పు పనితనములోనిదా ఆలోచనలోనిదా అను విషయములు విచారింపదగినవి.

గుర్తింపు జరుగు విధము

సూక్ష్మదర్శినిలో చూచినంతనే సూక్ష్మజీవి పేరు తెలిసిపోవునని విద్యార్థులలో చాలమంది నమ్ముదురు. ఇది సరి కాదు. సూక్ష్మదర్శిని చెప్పగలిగినది బహుస్వల్పము. క్రిమి గుండ్రముగా ఉన్నదా, కడ్డీవలె ఉన్నదా, వంపు తిరిగి ఉన్నదా అని మాత్రమే అది చెప్పగలదు. టైఫాయిడ్ కలిగించు కడ్డీకిని, పేగులో అపకారము లేకుండ నివసించు కడ్డీకిని చూపులో భేదము లేదు.

అందుచేత గుర్తింపు అంచెలంచెలుగా జరుగును. రోగి రక్తమునో, చీమునో, మూత్రమునో, కఫమునో పోషక యానకములో వేసి, శరీరపు వేడిమికి సమీపమైన వేడిమిలో ఉంచుదురు. ఒకటి రెండు దినాలలో యానకముపై చిన్న చుక్కలవంటి కాలనీలు లేచును. ఒక్కొక్క కాలనీలో కోట్ల కొలది క్రిములుండును. వాటిని గాజుపలకపై పూసి, 1884లో డెన్మార్క్ దేశస్థుడైన హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ప్రకటించిన పద్ధతి ప్రకారము రంగు వేయుదురు. ఊదారంగును నిలుపుకొన్నవి గ్రామ్ ధనాత్మకములు. ఊదారంగును వదలి, తరువాత వేసిన ఎఱుపును పట్టుకొన్నవి గ్రామ్ ఋణాత్మకములు. క్రిమి గోడ నిర్మాణములోని భేదమే ఈ రంగుల భేదమునకు కారణము.

తరువాత ప్రశ్నలు మొదలగును. దీనికి ఆక్సిడేజు అను ఎంజైము ఉన్నదా? గ్లూకోజును పులియబెట్టునా? లాక్టోజును వాడుకొనునా? కదలగలదా? ప్రతి ప్రశ్నకును అవును, కాదు అని రెండే జవాబులు. ఈ జవాబుల వరుసను ముందే తయారైన పట్టికతో పోల్చి పేరు నిర్ణయించుదురు. 1923లో అమెరికాలో మొదట వెలువడిన బెర్జీ గ్రంథము ఇటువంటి పట్టికలకు పేరుగన్నది. నేటి ప్లాస్టిక్ పరీక్షాపట్టీలును, స్వయంచాలక యంత్రములును అదే పనిని త్వరగా చేయుచున్నవి.

ఈ పద్ధతిలో గొప్ప బలమున్నది. 20 ప్రశ్నలకు రెండేసి జవాబులున్నచో మొత్తము 10,48,576 విధముల వరుసలు ఏర్పడును. ఇంత సూక్ష్మమైన వల నుండి ఏ క్రిమి తప్పించుకొనగలదని తోచును. కాని వలలోని లోపము కన్నులలో లేదు, పట్టికలో ఉన్నది. వరుసలు పదిలక్షలకు పైగా ఉన్నను, పట్టికలో వ్రాసిన పేర్లు కొన్ని వందలకు మించవు. పట్టికలో లేని క్రిమి వచ్చినప్పుడు, దానికి ఎక్కువ పోలిక గల మఱొక పేరు వెలువడును.

తరగతిలో ఉపాధ్యాయుడు హాజరుపట్టీ చూచి పేర్లు పిలుచునప్పుడు, పట్టీలో లేని పిల్లవాడు వెనుక బల్లపై కూర్చున్నను ఆ పిలుపు వలన బయటపడడు. తలలెత్తి పిల్లలను లెక్కించినప్పుడే ఒకరు అధికముగా ఉన్నట్లు తెలియును. ప్రయోగశాలలో కూడ పేరు పిలుచుట ఒక పని, తలలు లెక్కించుట మఱొక పని. మొదటిది యంత్రము చేయగలదు. రెండవది మనుష్యుడే చేయవలెను.

రంగూనులో జరిగిన పని

ఈ రెండవ పనికి మంచి ఉదాహరణ గోదావరి వారికి పరాయిది కాని ఊరిలోనే ఉన్నది. రంగూనును మన పల్లెలలో “రంగం” అనువారు. కాకినాడ రేవు నుండి ఓడలెక్కి వేలాది తెలుగువారు అక్కడికి కూలికి పోయినారు. కోరంగి రేవు పేరుమీదుగా అక్కడివారు తెలుగువారిని కోరంగీలని పిలిచినారు. బర్మా 1937 వరకు బ్రిటిషు ఇండియాలో భాగముగానే ఉండెను.

ఆ రంగూనులో 1911లో ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్ అను రోగనిదాన శాస్త్రవేత్తయు, ఆయన సహాయకుడు సి. ఎస్. కృష్ణస్వామియు శవపరీక్షలలో ఒక విచిత్రమును గమనించినారు. మార్ఫియాకు అలవాటుపడి మరణించిన కొందరి ఊపిరితిత్తులలోను, ఇతర అవయవాలలోను జున్నువంటి ముద్దలు, చీముగడ్డలు కనబడినవి. వాటి నుండి వేరుచేసిన క్రిమి, గుఱ్ఱములకు వచ్చు గ్లాండర్స్ వ్యాధి క్రిమిని పోలి ఉన్నది. గ్లాండర్స్ అప్పటికే పుస్తకాలలో ఉన్న వ్యాధి, మనుష్యులకును సోకునది. ఆ పేరే వ్రాసి ఊరకున్నచో వారిని తప్పుపట్టువారు ఎవరును ఉండరు.

వారు ఊరకుండలేదు. పోలికలతోపాటు భేదములను కూడ వ్రాసుకొన్నారు. గ్లాండర్స్ క్రిమి కదలదు, ఇది కదలుచున్నది. గ్లాండర్స్ క్రిమి యానకముపై మెల్లగా పెరుగును, ఇది త్వరగా, దట్టముగా పెరుగుచున్నది. ఇట్టి భేదములను కూడగట్టి, ఇది అంతవరకు ఎవరును వర్ణింపని వ్యాధియని 1912లో ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికలో ప్రకటించినారు. మరుసటి సంవత్సరము విట్‌మోర్ 38 మంది రోగుల వివరములతో మఱొక వ్యాసము వెలువరించినాడు. 1917 నాటికి కృష్ణస్వామి లెక్కలో రోగులు 200 దాటినారు. 1921లో మలయాలోని స్టాంటన్, ఫ్లెచర్ అను వైద్యులు ఈ వ్యాధికి మెలియాయిడోసిస్ అను పేరు పెట్టినారు.

ఈ వ్యాసముల విలువ వాడిన పనిముట్లలో లేదు. అవి ఏ జిల్లా ఆసుపత్రిలోనైన దొరకునవే. “పోలియున్నది” అను మాట దగ్గర ఆగిపోకుండ, “ఎక్కడ పోలలేదు” అని అడుగుటలో వాటి విలువ ఉన్నది.

అయితే ఆ పనిలో లోపము లేకపోలేదు. మొదటి రోగులలో పలువురు మార్ఫియా సూది వేసుకొనువారగుట వలన, ఇది ఆ దురలవాటు గలవారి వ్యాధియను అభిప్రాయము ఏర్పడినది. కృష్ణస్వామి 1917 నాటి వ్యాసమునకు పెట్టిన పేరులోనే మార్ఫియా సూది ఉన్నది. రోగిని చూచిన కన్ను రోగి నడచిన నేలను చూడలేదు. క్రిమి నివాసము మట్టియు, నీరును అను సంగతి తరువాత మెల్లమెల్లగా తేలినది. 1955లో ఇండోచైనా పరిశోధకులు మట్టి నుండి, నీటి నుండి ఆ క్రిమిని వేరుచేసిన ఫలితములు వెలువడినవి. వ్యాధి ఒక దురలవాటుకు సంబంధించినదని తలచినంత కాలము వరిచేలవైపు చూడవలసిన అవసరము ఎవరికిని తోచలేదు.

అరుదు అను మాట

రంగూనులో 1911లో కనుగొన్న వ్యాధి, ఓడల రాకపోకలు గల ఈ తీరమునకు కొత్తది కానవసరము లేదు. ఇక్కడను అదే వరి, అదే బురద, అదే వర్షము. ఆ మొదటి వ్యాసము అచ్చయినదియు భారతీయ వైద్య పత్రికలోనే. అయినను భారతదేశములో ఈ వ్యాధి సోకిన మొదటి రోగి, బొంబాయిలోని ఒక బాలుడు, గురించిన వ్యాసము వెలువడినది 1991లో. నడుమ ఎనుబది సంవత్సరములు గడచినవి.

ఆ ఎనుబది ఏండ్లును క్రిమి దేశములో లేదనుటకు ఆధారము లేదు. 1991 తరువాత వెల్లూరులోను, మణిపాల్‌లోను పనిగట్టుకొని వెదకిన ప్రయోగశాలలకు అది మరల మరల దొరకినది. వెదకినచోట దొరకి, వెదకనిచోట దొరకని వస్తువును అరుదైనదని చెప్పుట తర్కమునకు నిలువదు. అరుదైనది క్రిమియో, దానిని వెదకు అలవాటో మొదట తేల్చవలెను.

2016లో నేచర్ మైక్రోబయాలజీ అను పత్రికలో ఒక అంతర్జాతీయ బృందము, ప్రపంచములో ఏటా సుమారు 1,65,000 మందికి మెలియాయిడోసిస్ సోకుచున్నదనియు, సుమారు 89,000 మంది మరణించుచున్నారనియు అంచనా వేసినది. అందులో 44 శాతము భారము దక్షిణాసియాదే. ఈ అంకెలను వాడునప్పుడు జాగ్రత్త అవసరము. ఇవి రోగులను ఒక్కొక్కరిగా లెక్కించగా వచ్చినవి కావు. వ్యాధి ఉన్నదని తెలిసిన ప్రాంతముల నేల, వర్షము, జనాభా మొదలగువాటిని బట్టి తెలియని ప్రాంతములకు కట్టిన అంచనాలు. వాటిని నిర్ధారితమైన లెక్కగా చెప్పుట తప్పు. ఆసుపత్రి కాగితములలో లేవు కనుక అసలే లేవని కొట్టివేయుట అంతకంటె పెద్ద తప్పు. రోగులు ఎక్కడ ఉండవచ్చునో చెప్పి, అక్కడ వెదకుమని ప్రేరేపించుటయే అంచనా చేయగల మేలు.

నాలుగు తప్పులు

ప్రయోగశాలలో ఈ క్రిమి చేజారిపోవు చోట్లు నాలుగు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క కారణము కలదు.

మొదటిది, పారవేయుట. గొంతు నుండి, కఫము నుండి, తెరచిన పుండు నుండి తెచ్చిన నమూనాలలో పలు రకముల క్రిములు కలిసి పెరుగును. మట్టిలో నివసించు గ్రామ్ ఋణాత్మక కడ్డీ ఒకటి కనబడినప్పుడు, అది బయటినుండి పడిన మలినమని తలచి పళ్ళెమును పారవేయుట సులభము. పైగా ఈ క్రిమి మొదటి దినమున చిన్న కాలనీలుగా ఉండి, దాని ప్రత్యేకమైన ముడుతలు తేలుటకు మఱికొన్ని దినములు పట్టును. ఒక దినమునకే తీర్పు చెప్పు ప్రయోగశాలకు ఆ ముడుతలు కనబడవు.

రెండవది, సగములో ఆగుట. ఈ క్రిమిని పూర్వము సూడోమోనాస్ ప్రజాతిలో చేర్చినారు. 1992లో బర్ఖోల్డేరియా అను కొత్త ప్రజాతి ఏర్పడగా అందులోకి మార్చినారు. నేడు దాని శాస్త్రీయ నామము బర్ఖోల్డేరియా సూడోమాలై. లాక్టోజును పులియబెట్టదు, ఆక్సిడేజు ఉన్నది అని తేలగానే “సూడోమోనాస్ జాతి” అని వ్రాసి ముగించుట ఒక అలవాటు. ఆసుపత్రులలో తరచుగా కనబడు సూడోమోనాస్ క్రిమికి వాడు జెంటామైసిన్ వంటి మందులు, ఈ క్రిమిలో అత్యధిక భాగముపై పనిచేయవు. పేరు సగము వ్రాసిన కాగితము రోగికి పూర్తి తప్పు మందును తెచ్చిపెట్టును.

మూడవది, పరీక్షాపట్టీని గ్రుడ్డిగా నమ్ముట. కొన్ని పట్టీలును, స్వయంచాలక యంత్రములును ఈ క్రిమిని దాని బంధువైన బర్ఖోల్డేరియా సెపేసియాగా చెప్పిన సందర్భములు పలు దేశముల నుండి ప్రకటితమైనవి. క్రోమోబాక్టీరియమ్‌గా చెప్పినవియు కలవు. క్రోమోబాక్టీరియమ్ సాధారణముగా ఊదారంగు కాలనీలనిచ్చును. ఎదుట పళ్ళెములో ఊదారంగు లేకున్నను, యంత్రము చెప్పినదని అదే పేరు వ్రాసినచో ఆ తప్పు యంత్రముది కాదు.

నాలుగవది అతి నవీనమైన పద్ధతిలోనిది. మాల్డీ టాఫ్ అని పిలుచు యంత్రములో, కాలనీ నుండి తీసిన పిసరును లేసరు కిరణముతో కొట్టి, అందులోని ప్రోటీను అణువులను విద్యుదావేశముతో ఒక గొట్టములో పరుగెత్తించుదురు. తేలికైనవి ముందు, బరువైనవి వెనుక గమ్యము చేరును. ఆ బరువుల చిత్రమును భాండాగారములోని చిత్రములతో పోల్చి, కొన్ని నిముషములలోనే పేరు చెప్పుదురు. పెద్ద అణువులను చెదరకుండ ఇట్లు ఎగురవేయు సూత్రమునకే జపాను దేశస్థుడు కోయిచి తనాకాకు 2002లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిలో భాగము లభించినది. ఒక దినము పట్టు పనిని ఇది నిముషములకు తగ్గించినది. దీని మేలు కాదనరానిది.

కాని మెలియాయిడోసిస్ క్రిమిని జీవాయుధముగా వాడవచ్చునను భయమున్నందున, దాని చిత్రమును ఒక ప్రసిద్ధ యంత్రము యొక్క సాధారణ భాండాగారములో చేర్చక వేరే భద్రతా భాండాగారములో ఉంచినారు. ఆ రెండవది లేని ప్రయోగశాలలలో, దీనికి అతి సమీప బంధువైనను మనుష్యులకు దాదాపు హాని చేయని థాయ్‌లాండెన్సిస్ అను క్రిమి పేరు వెలువడిన సందర్భములు కలవు. యంత్రము ఎంత వేగముగలదైనను అదియు హాజరుపట్టీనే చదువును.

ఎదుటి వాదము

ప్రయోగశాలల పక్షమున చెప్పదగిన మాటలు కూడ ఉన్నవి. ఒక్కొక్క ఉదయము వందల నమూనాలు వచ్చుచోట, ప్రతి కాలనీని అనుమానించుట సాధ్యము కాదు. నూటికి తొంబదికి పైగా క్రిములు పట్టికలో ఉన్నవే. వాటి పేర్లను త్వరగా చెప్పుటవలన ఎందఱో బ్రతుకుచున్నారు. జన్యు పరీక్షలు ఖరీదైనవి. మారుమూల ఊళ్ళ నమూనాలు చేరుసరికే ఆలస్యమగును. రాయవరం నుండి రోగి రామచంద్రపురమునకో, రాజమహేంద్రవరమునకో, కాకినాడకో చేరులోగానే రెండు మూడు రకముల మందులు మ్రింగి ఉండును. మందు పడిన తరువాత తీసిన రక్తములో క్రిమి పెరుగుట కష్టము.

ఇవన్నియు నిజములే. అయినను ఈ వ్యాధి విషయములో ఖరీదు అను సాకు చాలదు. కావలసిన మొదటి పరీక్షలు చాల చౌకైనవి. గ్రామ్ ఋణాత్మక కడ్డీ, ఆక్సిడేజు కలదు అని తేలిన పిమ్మట, పళ్ళెముపై మూడు చిన్న మందు బిళ్ళలుంచిన చాలును. జెంటామైసిన్ బిళ్ళ చుట్టును, కొలిస్టిన్ బిళ్ళ చుట్టును క్రిమి నిరాటంకముగా పెరిగి, కోఅమాక్సిక్లావ్ బిళ్ళ చుట్టు మాత్రము ఖాళీ వలయము ఏర్పడినచో, మెలియాయిడోసిస్‌ను గట్టిగా అనుమానించి పెద్ద ప్రయోగశాలకు పంపవలెను. ఈ నియమమునకును మినహాయింపు ఉన్నది. మలేషియాలోని సారవాక్ ప్రాంతములో జెంటామైసిన్‌కు లొంగు రకములు దొరకినవి. అందుచేత మూడు బిళ్ళలు అనుమానమునకే గాని అంతిమ తీర్పునకు కావు.

మలిన నమూనాల కొరకు ఆస్ట్రేలియాకు చెందిన ఆష్‌డౌన్ 1979లో ఒక ప్రత్యేక యానకమును వర్ణించినాడు. అందులోని రంగులు, జెంటామైసిన్ ఇతర క్రిములను అణచివేయగా, ఈ క్రిమి ఊదారంగు పట్టి, ముడుతలు పడిన ఎండుపువ్వువలె పెరుగును. ఇందులో జిల్లా స్థాయి ప్రయోగశాలకు అందనిది ఏదియు లేదు.

మఱొక సంగతి వైద్యులు మరువరానిది. వర్ధన పరీక్ష ఈ వ్యాధిగల నూరుగురిలో సుమారు అరువదిమందిలోనే క్రిమిని పట్టుకొనును. క్రిమి దొరకినచో వ్యాధి ఉన్నట్లే. దొరకనంత మాత్రమున లేనట్లు కాదు. రక్తము, మూత్రము, గొంతు, చీము అన్నింటినుండి నమూనాలు తీసి, అవసరమైనచో మరల మరల పంపవలెను.

పేరు వలన ప్రయోజనమేమి

పేరు ఏదైతేనేమి, మందు ఇచ్చిన చాలదా అను ప్రశ్న రావచ్చును. థాయ్‌లాండ్‌లోని ఉబోన్ రాట్చథానీలో జరిగి, 1989లో ప్రకటితమైన పరిశోధన దీనికి జవాబు. తీవ్రమైన మెలియాయిడోసిస్ రోగులకు అంతవరకు ఇచ్చుచున్న మందులతో నూటికి 74 మంది మరణించగా, సెఫ్టాజిడైమ్ ఇచ్చినవారిలో మరణములు 37కు తగ్గినవి. ఒక్క మందు మార్పుతో మరణములు సగమైనవి. కాని ఆ మందు ఎంపిక కావలెనన్నచో పేరు తెలియవలెను.

సరియైన మందును ఎంతకాలము వాడవలెనో చెప్పునదియు పేరే. ఈ వ్యాధికి మొదట కనీసము పది, పదునాలుగు దినములు నరము ద్వారా మందునిచ్చి, తరువాత కనీసము మూడు నెలలు కోట్రైమాక్సజోల్ మాత్రలు వాడవలెను. జ్వరము తగ్గినదని నడుమ మానినచో వ్యాధి తిరుగబెట్టును. మామూలు న్యుమోనియా అని వారము దినములు మందు ఇచ్చి ఇంటికి పంపిన రోగి, మరల అదే తలుపు తట్టవలసివచ్చును, ఒక్కొక్కసారి తట్టలేకయు పోవును. మధుమేహమున్నవారికి ఈ ప్రమాదము మఱింత ఎక్కువ. పలు దేశముల రోగులలో సుమారు సగముమంది, కొన్నిచోట్ల అంతకు మించి మధుమేహము గలవారే.

ప్రయోగశాలలో పనిచేయువారి క్షేమము కూడ పేరుపై ఆధారపడినది. కాలనీల వాసన చూచి క్రిమిని ఊహించుట ఒకప్పుడు నేర్పుగా చెల్లినది. ఈ క్రిమి విషయములో అది ప్రాణాపాయము. అనుమానము కలిగినంతనే పళ్ళెమును రక్షణ పేటికలోనికి మార్చి పనిచేయవలెను. అనుమానించుట తెలియని ప్రయోగశాల తన పనివారినే అపాయములోనికి నెట్టును.

తురకపాలెము నేర్పిన పాఠము

2025 సెప్టెంబరులో గుంటూరుకు సమీపమునగల తురకపాలెము గ్రామము వార్తలకెక్కినది. కొన్ని నెలల వ్యవధిలో అక్కడ పలువురు మరణించినారనియు, మెలియాయిడోసిస్ కావచ్చుననియు అనుమానము పుట్టినది. వైద్య బృందములు గ్రామమునకు పోయి రక్త నమూనాలు సేకరించి పరీక్షలకు పంపినవి. పత్రికలు “అంతుచిక్కని జ్వరము” అని వ్రాసినవి.

ఈ మాటను విమర్శింపవలెను. అంతుచిక్కకుండుట జ్వరమునకు సహజ గుణము కాదు. మొదటి రోగులకు జ్వరము వచ్చినప్పుడే, మందుకు ముందే, రక్తము వర్ధనమునకు చేరినచో అంతు చాలవరకు చిక్కును. రోగి మరణించిన తరువాత, నమూనా ఏదియు మిగులనప్పుడు, ఎంత గొప్ప ప్రయోగశాలయు ఆ మరణమునకు నిశ్చితముగా పేరు పెట్టలేదు. అందుచేత ఒక గ్రామములోని మరణములన్నిటిని ఒకే క్రిమికి అంటగట్టుటయు, ఆ క్రిమికి సంబంధమే లేదని త్రోసివేయుటయు సమానముగా తొందరపాటే. గ్రామము గగ్గోలు పెట్టిన తరువాత కాక, మొదటి రోగి దగ్గరనే జరుగవలసిన పని ఇది.

పాఠశాలలో చేయదగినది

పాఠములలో బాక్టీరియా పేర్లు కలరా, టైఫాయిడ్, క్షయ, ధనుర్వాతము మొదలగు కొద్దిపాటి వ్యాధులతో ముగియును. ఆరంభమునకు అవి చాలును. కాని ఆ జాబితా ప్రపంచమునకే జాబితాయను భ్రమ కలుగరాదు. ప్రయోగశాలలో కనబడు నాలుగు తప్పులకును బీజము ఈ భ్రమలోనే ఉన్నది.

దీనిని పోగొట్టుటకు సూక్ష్మదర్శిని కూడ అక్కరలేదు. బడి ఆవరణలో దొరకు పది మొక్కల ఆకులను తెచ్చి, అంచు రంపపుపళ్ళవలె ఉన్నదా, ఈనెలు సమాంతరముగా ఉన్నవా, నలిపినచో వాసన వచ్చునా అను ప్రశ్నలతో విద్యార్థులచేత ఒక గుర్తింపు పట్టిక తయారు చేయించవచ్చును. తరువాత ఉపాధ్యాయుడు పట్టికలో లేని పదునొకండవ ఆకును చేతికీయవలెను. చాలమంది దానికి దగ్గరగా ఉన్న ఒక పేరు చెప్పుదురు. “ఇది మా పట్టికలో లేదు” అని చెప్పిన విద్యార్థికి పూర్తి మార్కులీయవలెను. ఏ ప్రశ్న దగ్గర పోలిక తప్పినదో చూపగలిగినవానికి ఇంకను ఎక్కువ ఈయవలెను. 1911లో రంగూనులో ఇద్దరు వైద్యులు చేసిన పని సారాంశములో ఇదియే.

“లేదు” అని చెప్పుట ఓటమి కాదు. “ఇది గ్రామ్ ఋణాత్మక కడ్డీ, మా పరీక్షలకు పేరు తేలలేదు, మెలియాయిడోసిస్ అనుమానముతో పెద్ద ప్రయోగశాలకు పంపుచున్నాము” అని వ్రాసిన నివేదిక, “సూడోమోనాస్ జాతి” అని ధీమాగా వ్రాసిన నివేదికకంటె నిజాయితీ గలది, రోగికి ఉపయోగకరమైనది. మొదటిదానిని చదివిన వైద్యుడు ఆలోచించును. రెండవదానిని చదివిన వైద్యుడు ఆలోచన మానును.

సార్వా ఊడ్పులు ఏటేటా వచ్చును. బురదలోని క్రిమిని పొలము నుండి వెడలగొట్టుట ఎవరి తరమును కాదు. మధుమేహము గలవారు కాలికి పుండు ఉన్నప్పుడు బురదలోనికి దిగకుండుట, తప్పనప్పుడు రక్షణ జోళ్ళు తొడుగుట, జ్వరము రాగానే తాము పొలములో పనిచేసిన సంగతిని వైద్యునికి చెప్పుట వారి చేతిలోనివి. ఆ సంగతి విన్న వైద్యుడు దానిని నమూనాతోపాటు కాగితము మీద వ్రాసి పంపుటయు, ఆ కాగితము చదివిన ప్రయోగశాల పళ్ళెమును మొదటి దినముననే పారవేయక మఱి నాలుగు దినములు ఉంచి చూచుటయు మిగిలిన పని. రాయవరం రోగి ప్రాణము ఆ నాలుగు దినముల ఓపికపై ఆధారపడి ఉండవచ్చును.